మత్తడి మీద పాశం

మా ఊరి చెరువు పట్టపగలే తెగింది. జనం కట్ట మీద నిలబడి చూస్తుండగానే తెగింది. మత్తడి దగ్గర, అంటే నిండిన చెరువు మిగులు నీళ్లను బయటికి వదిలే రాతి కట్టడం దగ్గర, అడ్డంగా పేర్చిన ఇసుక బస్తాలు రెండు వరసలు ఉన్నాయి. పోవలసిన దారిన పోలేక నీళ్లు పక్కకు తిరిగి మట్టికట్టను కోసుకుంటూ పోయాయి. ఆ గండికి సూటిగా కింద ఉన్నది మా చిన్నమ్మ పొలం. నాటేసి నెల దాటిన వరి. మధ్యాహ్నానికి అక్కడ పొలం లేదు, ఇసుక ఉంది.

కబురు చెప్పింది చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు.

"నీళ్లు వస్తున్నాయని తెలిసి కూడా బస్తాలు ఎందుకు తీయలేదు?" అని ఫోన్లో అడిగాను.

"ఎట్ల తీస్తమన్నా. అవి పాశం బస్తాలు గదా."

ఇంత వయసు వచ్చాక, ఇన్నేళ్లు పత్రికల్లో వరదలూ కరువులూ రాశాక, ఇంకా తల గోడకు కొట్టుకోవాలని అనిపిస్తుందని నేను అనుకోలేదు. బయటివాళ్లకైతే ఆ జవాబు అర్థం కాదు. నాకు వెంటనే అర్థమైంది. అందుకే కోపం ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ బస్తాల సంగతి తెలియాలంటే నా చిన్నప్పటి ఒక వానాకాలానికి పోవాలి.

మా ఊరు జనగామ నుంచి తొర్రూరు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. చెరువు కింద ఉన్న కాసింత పొలం తప్ప మిగిలిందంతా వాన మీద బతికే ఎర్రచెలకలు. చెలకల మధ్య ఏనుగులు పడుకున్నట్టు నల్లబండలు. ఆ ఏడు మిరుగం కార్తె పొడిగా వెళ్లిపోయింది. ఆరుద్ర కూడా వెళ్లిపోయింది. మా ఇంట్లో పెద్దవాళ్లు తేదీలతో మాట్లాడేవాళ్లు కారు, వానల లెక్క చెప్పే కార్తెలతో మాట్లాడేవాళ్లు. ఏ కార్తెలో ఏ గింజ పెట్టాలో, ఏ కార్తెలో గొడ్లకు ఏ రోగం వస్తుందో అన్నీ వాళ్ల నోటి మీదే ఉండేవి. ఆ ఏడు ఆ లెక్కలన్నీ చెప్పుకుంటూ అరుగుల మీద కూర్చోవడమే వాళ్ల పని అయింది.

పొద్దున జొన్నరవ్వ ఉడికించిన గట్క, మీద ఇంత పల్చటి సల్ల. రాత్రికీ అదే గట్క, సల్లకు బదులు చింతకాయ తొక్కు. చేదబావిలో బొక్కెన నీళ్లలో పడే చప్పుడు పోయి రాయికి తగిలే చప్పుడు వచ్చింది. గాలి వీస్తే ఎండిన పేడ వాసన, కాలిన గడ్డి వాసన. గొడ్లు కూడా అరవడం మానేసి కొట్టంలో తలలు వేలాడేసి నిలబడేవి. మా బాపు రోజూ సాయంత్రం తూర్పు దిక్కున మొగులు పడుతుందేమోనని కాసేపు చూసి, ఎవరో తిట్టినట్టు ముఖం పెట్టుకుని లోపలికి వచ్చేవాడు.

అప్పుడు మా నాయనమ్మ లేచింది. ఆమెను ఊరంతా అవ్వ అనే పిలిచేది. వాన పడని ఏడు వరద పాశం, అంటే వానదేవుడికి మొక్కే బెల్లం పాయసం, వండించే పెత్తనం ఆమెది. ఆ పెత్తనం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమె నోటికి జడిసి ఎవరూ అడ్డం చెప్పలేదు. చాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. ప్రతి ఇంటి నుంచీ పిడికెడు బియ్యం, ఒక బెల్లంముక్క రావాలి. ఒక్క ఇల్లు తప్పినా వాన ఆ ఇంటిని వెతుక్కుంటూ దారి తప్పుతుందట.

వాడకట్టు చివర బట్టలు కుట్టే సాయిబు తాత ఉండేవాడు. మిషన్ ఆపకుండానే మాట్లాడేవాడు.

"బియ్యం ఇస్త గని అవ్వా, వాన మా ఇంటి మీద గూడ పడాలె మరి. పోయినేడు మీ గల్లీ దాకనే వచ్చి ఆగింది."

"మీ ఇంటి కప్పు ఉరుస్తదని నువ్వే దువా జేసి ఆపినవేమో" అంది అవ్వ.

"నా దువాకు గంత బలముంటే ముందుగాల నీ నోరు ఆపుకునేటోన్ని."

ఆయన భార్య లోపలి నుంచి నవ్వుతూ వచ్చి రెండు పిడికిళ్ల బియ్యం పోసింది. తండా నుంచి కూడా బియ్యం వచ్చేవి. వాళ్ల ఆడపిల్లలు వానకోసం చేసుకునే పండుగ వాళ్లకు వేరే ఉన్నా, మా పాశానికి బియ్యం పంపడం మానలేదు.

బెల్లం గంప మోసే పని పిల్లలది. ఇంటి నుంచి పాశం పోసే బండ దాకా పోయేసరికి గంప తేలికయ్యేది. దవడల్లో బెల్లం దాచుకుని నోరు మూసుకుని నడిచేవాళ్లం. అవ్వ ఏదైనా అడిగితే తల ఊపేవాళ్లం. అవ్వ మమ్మల్ని చూసి మరీ మరీ ప్రశ్నలు అడిగేది. మేం తినబోయేది లెక్కేసి ఆమె ముందే ఎక్కువ బెల్లం పెట్టేదని చాలా ఏళ్ల తర్వాత చిన్నమ్మ చెప్పింది.

పాశం బండ చెరువు వెనుక ఉండేది. ఊరందరూ కూర్చున్నా ఇంకా చోటు మిగిలేంత చదును బండ. పక్కనే మూడు రాళ్ల పొయ్యి పెట్టి, తుమ్మకట్టెల మీద పెద్ద గంజులో పాశం వండేవాళ్లు. బియ్యం ఉడికే వాసన, అందులో పడిన బెల్లం అడుగంటి మాడే వాసన, శొంఠి ఘాటు. వారాల తరబడి గట్క తిన్న ముక్కులకు ఆ వాసనలతోనే సగం కడుపు నిండేది. ఉడికిన పాశాన్ని ఆకుల్లో పెట్టరు, గిన్నెల్లో పోయరు. కడిగిన బండ మీదనే కుమ్మరిస్తారు. ఆడా మగా, చిన్నా పెద్దా అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నోటితోనే తినాలి.

"గొడ్డు అడిగినట్టు అడగాలె" అనేది అవ్వ. "చేతులున్నోళ్లు అడిగితే వానదేవునికి జాలెట్ల వస్తది?"

ఎండకు కాలిన బండ, పొయ్యి మీంచి దిగిన పాశం. నాలుకలు కాలేవి. మీసాలున్న పెద్దమనుషుల రుమాళ్లు జారి పాశంలో పడేవి. చిన్నమ్మ అప్పుడే కాపురానికి వచ్చిన కొత్తకోడలు. ముక్కు కొసన ఇంత పాశం అంటించుకుని, తుడుచుకోవడానికి చేతులు లేక, నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడింది. అత్తలందరూ గుర్రుమన్నారు. అవ్వ మాత్రం, "నవ్వనియ్యిండ్రి. ఏడ్చేటోళ్లు ఊరంత ఉన్నరు" అంది.

తిన్న తర్వాత నా మోకాళ్లకు బెల్లం అంటుకుని చీమలు పట్టాయి. చెంబుతో నీళ్లు తెచ్చి బండ మీద పోయబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"కడుగద్దు బిడ్డా. మనమే కడిగితే వాన వచ్చి ఏం కడగాలె?"

అదే కట్టుబాటు. పాశం తిన్న చోటును మనిషి ముట్టుకోకూడదు. అక్కడ పెట్టింది పెట్టినట్టే ఉండాలి. మొదటి వానే వచ్చి కడగాలి. పొయ్యి రాళ్లు కూడా కదపరు. చీమలు తినొచ్చు, కాకులు తినొచ్చు. మేం పిల్లలం రోజూ పోయి బండ మీది బెల్లపు మరకను చూసి వచ్చి, ఇంకా ఉందని ఇంట్లో చెప్పేవాళ్లం. ఆ మాట వినగానే బాపు ముఖం మళ్లీ తిట్లు తిన్నట్టు అయ్యేది.

తర్వాత వాన వచ్చింది. పాశంతో వచ్చిందని నేను చెప్పను. వచ్చింది, అంతే. అది వచ్చిన తీరు చెప్పాలి. ఎవరో చాటలోంచి చల్లినట్టు మొదలై, సన్నగా, ఆగకుండా, రోజుల తరబడి ముసురు పట్టింది. ఇంట్లో పొయ్యి పొగ బయటికి పోలేక కప్పు కిందే తిరిగేది. తడిసిన గొంగళ్ల వాసన, ఆరని బట్టల వాసన, వాటి మధ్య ఉడికిన బొబ్బర్ల గుడాల వాసన. అవ్వ ఉప్పుకారం చల్లిన గుడాలు దోసిట్లో పోస్తే వాకిట్లో కూర్చుని చూరు నీళ్లను చూస్తూ తినేవాళ్లం. దూడ వచ్చి మా వీపులకు ముఖం రాసుకునేది.

కొన్నాళ్లకు పెద్దవాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు. సాయిబు తాత గోనెసంచి నెత్తిన వేసుకుని వచ్చాడు. "అవ్వా, జర ఆపుమని చెప్పు. మిషన్‌కు తుప్పు పడుతున్నది."

"మీ ఇంటి మీద పడాలంటివి. పడుతున్నది. ఇగ కప్పు నేయించుకో."

బండ మీది మరక ఒక్కసారిగా పోలేదు. ముందు అంచులు పలచబడ్డాయి, తర్వాత మధ్యలో రంగు తగ్గింది. చెరువు కూడా అట్లాగే నిండింది, మెట్టు మెట్టుగా. పుబ్బ కార్తెలో మత్తడి దుంకినప్పుడు ఊరంతా పోయి, పల్చగా జారే నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డాం. ఆ ముసురు కింద మనుషులకు దేనికైనా వ్యవధి ఉండేది. కట్టుబాట్లు పాటించడానికీ, తప్పు చేస్తే దిద్దుకోవడానికీ.

ఆ బండ ఇప్పుడు లేదు. గ్రానైటు కోసం కోసి లారీల్లో తీసుకుపోయారు. దాని చోట నిలువుగా కోసిన గొయ్యి, అందులో పచ్చటి నీళ్లు. ఆ సంగతి అప్పట్లో నేనే రాశాను. లోపలి పేజీలో, పెళ్లి ప్రకటనల పక్కన వచ్చింది.

ఈ ఏడు ఎండాకాలం మా వైపు మనుషులు మాట్లాడటం కూడా తగ్గించారు, నోరు తెరిస్తే వేడిగాలి లోపలికి పోతుందని. చిన్నమ్మ కోళ్లు గంప కింద ఉన్నవి ఉన్నట్టే చచ్చిపోయాయి. తర్వాత మిరుగం పొడిగా పోయింది. చెలకల్లో పెట్టిన పత్తి గింజ మొలవలేదు, మళ్లీ పెట్టారు, మళ్లీ మాడింది. చెరువులో మాత్రం కాలువ నీళ్లు సగం దాకా ఉన్నాయి, దాని కింద నాట్లు పడ్డాయి. అంటే చిన్నమ్మ పొలానికి అప్పటికి దిగులు లేదు. అయినా చెలకలవాళ్ల కోసం చాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది ఆమే. అవ్వ తర్వాత ఆ పని తెలిసిన మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే.

బండ లేదు కాబట్టి పాశం ఎక్కడ పోయాలన్న మాట వచ్చింది. సిమెంటు రోడ్డు మీద అన్నారు. "చెప్పులతోటి తొక్కే జాగల దేవునికి ఎట్ల పోస్తరు" అని చిన్నమ్మ ఒప్పుకోలేదు. చివరికి మత్తడి దొరికింది. పాతకాలపు రాయి, శుభ్రమైన చోటు. అయితే అది వాలుగా ఉంటుంది, పోసిన పాశం కిందికి జారిపోతుంది. అందుకని అడ్డంగా ఒక వరస ఇసుక బస్తాలు పేర్చారు. చేతులు వెనక్కి కట్టుకుని తిన్నారు. ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. తర్వాత కట్టుబాటు ప్రకారం దేన్నీ ముట్టుకోకుండా ఇళ్లకు పోయారు. బస్తాలు ఉండిపోయాయి.

చెరువులో చేపపిల్లలు వదిలినవాళ్లు వాటిని చూసి సంతోషించారు. "ఎట్లనూ ఉన్నయి గదా, ఇంకో వరస పెడితే చేప పోదు" అని రెండో వరస పెట్టి, వల కట్టారు.

వారాలు గడిచాయి. ఒక రోజు తెల్లవారుతూనే మొదలై, చిన్నప్పటి ముసురు వారమంతా కురిసిన నీళ్లు ఒక్క పూటలో పడ్డాయి. పైనున్న కుంటలు కూడా పొంగి మా చెరువులోకే వచ్చాయి. మగవాళ్లు గొడుగులు పడేసి మత్తడి దగ్గరికి పరుగెత్తారు. అప్పటికింకా బస్తాలు లాగడానికి వీలుంది. మా తమ్ముడు చెప్పిన ప్రకారం ఇద్దరు లాగబోయారు కూడా. ఎవరో వెనక నుంచి అన్నారట: "ఆగుండ్రి. పాశం జాగను ఇప్పుడే వాన కడుగుతున్నది. మంచిగ కడుగనియ్యిండ్రి, ఇంత సేపాగి తీద్దం." అందరికీ అది సబబుగానే తోచింది. ఆ కాసేపట్లోనే నీళ్లు నడుముల దాకా వచ్చాయి. ఇక ఎవరూ దిగలేకపోయారు.

నేను ఊరికి పోయేసరికి కట్ట మీద పంచాయితీ నడుస్తోంది. పెద్దమనిషి, వరసకు నాకు మామ, గండి అంచున కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"జాగ మారింది అల్లుడా, గందుకే గిట్లయింది. బండ మీద పోసేది మత్తడి మీద పోస్తిమి. దేవుడు చెరువునే అడిగిండు."

"వల కట్టకుంటే గింత కాకపోవు" అని ఒకరు. "మా వల ఏం జేసింది, మొదటి వరస ఎవలు పెట్టిన్రు" అని చేపలవాళ్లు.

నాకు విసుగొచ్చింది. "జాగ కాదు మామా, వానే మారింది" అన్నాను. సముద్రం వేడెక్కితే మొగులు ఎక్కువ నీళ్లు మోస్తుందని, అందుకే పడితే కుండపోత, లేకపోతే నెలల తరబడి ఎండ అని, నాకు తెలిసినంత సులువుగా చెప్పాను.

"గంత దూరపు సముద్రాన్ని వేడి జేసిందెవరు?"

"బొగ్గు, డీజిలు కాల్చేటోళ్లు. దాని పొగ దుప్పటి లెక్క భూమి మీద కప్పుకుంటది, వేడిని పోనియ్యది. భూపాలపల్లి పోయినప్పుడు చెల్పూరు కాడ పొగగొట్టాలు చూడలేదా?"

అందరూ మా తమ్ముడి వైపు తిరిగారు. వాడు చేసేది అక్కడే. కరెంటు ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు దగ్గర కాంట్రాక్టు పని.

"ఓరి, కట్ట తెంపింది నువ్వారా" అన్నాడు మామ.

"నేను సెలవు పెట్టి వచ్చిన మామా. ఈ రెండొద్దులు వేరేటోడు కాల్చిండు" అని, వాడు నా వైపు తిరిగాడు. "నన్ను నలుగుట్ల నిలవెడ్తివి గదన్నా. మీ ఇంట్ల ఏసీ లేదా?"

"ఒకటుంది."

"అది దేని మీద నడుస్తది, పాశం మీదనా?"

కట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. వాడి మాట అబద్ధం కాదు. భూపాలపల్లి గనుల అంచున నిలబడి, టేకుమట్ల దాకా ఊళ్లలో తిరిగి, ఎన్నోసార్లు వార్తలు పంపాను. బొగ్గు ఎక్కువ తవ్విన వార్త ఒక పేజీలో వచ్చేది, సంతోషంగా. వడదెబ్బ చావుల వార్త ఇంకో పేజీలో వచ్చేది, దుఃఖంగా. ఆ రెండూ ఒకే వార్త అని పేజీలు పెట్టేవాళ్లెవరికీ తట్టలేదు. ఈ పొగ మా ఒక్క జిల్లాది కాదు, మా ఒక్క దేశానిది కూడా కాదు. మాకంటే ఎంతో ముందు నుంచి, ఎంతో ఎక్కువ కాల్చి బాగుపడ్డ దేశాలున్నాయి. ఎవరిని అడిగినా ఇది తన ఒక్కడి పొగ కాదనే అంటారు. ఆ మాట నిజమే కావడం నాకు అన్నిటికంటే చిరాకు.

"మీ ముచ్చట ఒడిసిందా?" అంది చిన్నమ్మ. ఆమె కట్ట మీద లేదు. కింద, ఇసుకలో, చీర ఎగదోపుకుని, చేతికర్రతో అక్కడక్కడా గుచ్చి చూస్తోంది. "నా పొలం ఏడున్నదో జర వచ్చి చెప్పుండ్రి."

దిగి పోయాను. కర్ర మూరెడు దిగినా మట్టి తగలడం లేదు. పొలాల మధ్య ఒడ్లు లేవు, హద్దురాళ్లు లేవు. పక్క పొలానికీ ఆమె పొలానికీ తేడా లేకుండా ఒకే తెల్లటి ఇసుక మేట.

"ఏడాది బువ్వ కొడుకా" అంది. "చెలకలోళ్ల కోసం చాట పట్టుకొని తిరిగితి. నాకేమన్న తక్కువైందా అప్పుడు?"

ముక్కు మీది పాశం తుడుచుకోలేక నవ్విన మనిషి ఈమేనని గుర్తొచ్చింది. అవ్వ ఉంటే ఏమనేదో తెలియదు. వానే కడగాలన్న మాట అవ్వ చెప్పినప్పుడు ఎవరికీ కీడు చేయలేదు. అదే మాటను, అదే భక్తితో పాటించినందుకు ఇప్పుడు కట్ట తెగింది. ఆ మాట ఏ వాన కోసం పుట్టిందో ఆ వాన మా వైపు పడి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు. ఇప్పటి పిల్లలకు ముసురు అన్న మాట చెబితే ఎన్ని గంటలు అని అడుగుతారు.

తర్వాత ఆఫీసుల వాళ్లు వచ్చారు. చెరువు చూసేవాళ్లు కట్ట తమది, ఇసుక తమది కాదన్నారు. పంట నష్టం చూసేవాళ్లు, పంట కంటికి కనిపిస్తేనే నష్టం చూడగలమన్నారు. ఇసుక సంగతి చూసేవాళ్లు, పొలంలో పడ్డా సరే ఇసుకను అనుమతి లేకుండా ఎత్తకూడదని, అనుమతి కావాలంటే అది ఎవరి హద్దుల్లో ఉందో సర్వేయరు తేల్చాలని చెప్పారు. సర్వేయరు వచ్చాడు. మేట మీద అటూ ఇటూ నడిచి, హద్దురాళ్లు కనిపిస్తే తప్ప కొలవలేనని, ముందు ఇసుక తీయించండని చెప్పి పోయాడు.

చిన్నమ్మ ఇంటి వెనుక దొడ్లో యాసంగికి, అంటే రెండో పంటకు, నారు పోసింది. నాటడానికి పొలం లేదని తెలిసీ పోసింది. మొన్న తమ్ముడు చెల్పూరు నుంచి ఫోన్ చేశాడు. నారు జానెడు లేచిందట. ఇంకొన్నాళ్లు ఆగితే ముదిరిపోతుంది. ఇసుకను ఎవరూ ఎత్తలేదు, ఎత్తమని ఎవరూ చెప్పలేదు.